ఎర్ర టోపీ ఎవరి నెత్తిన

సీసాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటకి పెద్దదిక్కు పెద్దక్క. ఆ పేరులోని పెద్ద హోదాకి మాత్రమే కాదు, కొలతకి కూడా సరిపోయేది. ఆమె వంటగదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే అరలోని గ్లాసులు గలగలమని లెక్క అప్పజెప్పేవి. ఒకసారి ఆమె ఏమీ తోచక బియ్యం తూచే కాటా ఎక్కి నిలబడితే, సరుకు తెచ్చిన లారీ డ్రైవరు ముల్లు చూసి, బస్తాలన్నీ దిగిపోయాయనుకుని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. నమ్మనివాళ్లు ఆ డ్రైవరునే అడగండి, ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

అయితే ఆమె అసలు కీర్తి వెంట్రుకల దగ్గర. వంటవాళ్లందరూ నెత్తికి తెల్లగుడ్డ కట్టుకున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరిదో ఒక వెంట్రుక జారుకుని పళ్లెంలో తేలేది. పెద్దక్క దాన్ని ట్యూబ్‌లైటు కిందికి తెచ్చి, రెండు వేళ్ల మధ్య సాగదీసి, అందరినీ వరుసలో నిలబెట్టి, ఎవరి తలదో చెప్పేసేది. ఏ నూనె రాశారో, రాత్రి ఎటు తిరిగి పడుకున్నారో కూడా చెప్పేదంటారు. ఒక్క తీర్పూ తప్పలేదు. శిక్ష ఎర్ర టోపీ. తల తడవకుండా స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ అది, చుట్టూ కుచ్చులతో. దోషి దాన్ని పెట్టుకుని వారమంతా కౌంటర్ దగ్గర వడ్డించాలి. ఆ వారం ఫ్యాక్టరీలో ఆకలి లేనివాళ్లు కూడా భోజనానికి వచ్చేవారు.

అలాంటి పెద్దక్క మోకాళ్లు మొరాయించడంతో, ఊళ్లో పిన్నికి బాగాలేదని సెలవు పెట్టి వెళ్లి, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. పొట్టని కోసి, కుట్టి, అరటికాయంత చేశారు. ఆ సంగతి తెలిసింది ఆమె మొగుడికొక్కడికే. తిరిగి వచ్చాక మనిషి సబ్బుబిళ్లలా అరిగిపోతుంటే వంటగది అంతా చుట్టుముట్టి రహస్యం చెప్పమంది. ఆమె నోటికి వచ్చిన మొదటి మాట నడక. ఫ్యాక్టరీ గోడ చుట్టూ నడిచానని ఊరుకుంటే పోయేది. ఎండనీ వాననీ లెక్కచేయలేదనీ, కుక్కలు కూడా అలసిపోయి ఆగిపోయేవనీ అంది.

అదే వంటగదిలో కూరగాయలు తరిగే పెద్దక్క ఆడపడుచు ఆ మాట మనసుకి పట్టించుకుంది. రోజూ పని ఎక్కే ముందు గోడ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బూట్లు అరిగాయి, ఆకలి పెరిగింది, బరువు మాత్రం కాస్త ఎక్కింది. కుక్కలు ఇంకా అలసిపోలేదు వదినా అని రోజూ వచ్చి దిగులుగా చెప్పేది. పెద్దక్క పులుసులో ఉప్పు చూడటానికి వెళ్లిపోయేది.

ఆపరేషన్ అయిన మూడో నెలలో పెద్దక్కకి జుట్టు రాలడం మొదలైంది. ఆడపడుచుదీ తనదీ ఒకే తీరు జుట్టు, పొడుగ్గా, అలలు అలలుగా. ఇప్పుడు దువ్వెన తీస్తే పిల్లిపిల్ల ముడుచుకు కూర్చున్నట్టుంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, శరీరం బెదిరిపోతే ఇలాగే అవుతుంది, కొన్ని నెలలు రాలి మళ్లీ అదే వస్తుంది, గుడ్లు తినండి, మాత్రలు మానకండి అన్నారు. వస్తే ఏ రోజు వస్తుందని ఆమె కూరగాయల బండి సంగతి అడిగినట్టు అడిగింది. పలచబడ్డ పాపిట మీద కాటుక పులిమితే పొయ్యి సెగకి అది చెవుల మీదుగా కారింది. చివరికి నెత్తిగుడ్డని కనుబొమలు పైకి లేచేంత బిగించి కట్టుకుంది. పాపం, అప్పటినుంచి ఎవరు ఏం చెప్పినా ఆశ్చర్యపోతున్నట్టే కనబడేది. వింతేమిటంటే ఎవరి పళ్లెంలోనూ వెంట్రుక రాలేదు. అంతా గుడ్డ మహిమ అనుకుంది.

ఒక మధ్యాహ్నం మేనేజరు సూప్ గిన్నె పట్టుకుని స్వయంగా వంటగదిలోకి వచ్చాడు. గిన్నెలో మూరెడు వెంట్రుక. ఎవరూ చెప్పకుండానే అందరూ వరుసలో నిలబడ్డారు. పెద్దక్క దాన్ని లైటు కిందికి ఎత్తకముందే గుర్తుపట్టింది. తనదంటే గుడ్డ విప్పాలి. గుడ్డ విప్పితే ఆపరేషన్ బయటపడుతుంది, ఆడపడుచు ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆడపడుచుదంటే అందరూ నమ్ముతారు. కానీ ఇన్నేళ్ల తీర్పుల్లో మొదటి అబద్ధం అదే అవుతుంది. "ఇది మా..." దాకా నోరు వచ్చేసింది కూడా.

అంతలో గిన్నెలు తోమే బోడిబాబాయి ముందుకు వచ్చి, "నాదే పెద్దక్కా" అన్నాడు.

ఆయన నెత్తి ముందు ఫ్యాక్టరీ సీసాల నునుపు బలాదూరు. మేనేజరు వెంట్రుకనీ ఆ నెత్తినీ మార్చి మార్చి చూశాడు.

"చిన్నప్పటిది సార్," అన్నాడు బాబాయి తొణక్కుండా. "ఎక్కడో దాక్కునుంటుంది."

"బాబాయిది కాదు, నాది," అంది ఆడపడుచు. నున్నగా గొరిగించుకునే రొట్టెలవాడు కూడా నాదయినా కావచ్చన్నాడు. బాబాయికి ఒళ్లు మండింది. "ఉండండ్రా మీరు. ఇన్నాళ్లూ అందరం కలిసి పెద్దక్క వెంట్రుకలు ఏరుతూనే ఉన్నాం కదా, ఇదొక్కటే తప్పించుకుంది" అనేసి నాలిక కరుచుకున్నాడు.

అప్పుడు అర్థమైంది పెద్దక్కకి, ఆడపడుచు ఇన్నాళ్లూ సూప్ గుండిగ పక్కనే ఎందుకు తచ్చాడుతోందో. వెంట్రుకని అలవాటుగా లైటు కింద సాగదీసింది. "ఇది నాదే. సందేహం లేదు" అని తీర్పు చెప్పి గుడ్డ విప్పేసింది. ఆ ఊపులోనే పిన్ని సంగతీ, అరటికాయ సంగతీ చెప్పేసింది.

ఆడపడుచు అరిగిన బూట్ల వంక చూసుకుంది.

"వదినా, మరి ఆ గోడ చుట్టూ నేనెందుకు తిరుగుతున్నట్టు?"

మేనేజరు ఇంకో గిన్నె సూప్ దొరుకుతుందా అని మెల్లగా అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆడపడుచు వెళ్లి ఎర్ర టోపీ తెచ్చి, కుచ్చులు సర్ది, వదిన చెవుల దాకా తనే లాగింది. టోపీ కింద వదిన కళ్లలో నీళ్లు వస్తుంటే కొంగుతో తుడిచింది కూడా. శిక్ష మాత్రం తగ్గించలేదు.

పైగా ఆ సాయంత్రం అన్నయ్యని నిలదీస్తే, రోజూ నడవాలని డాక్టరు మరీ మరీ చెప్పినా మీ వదిన నడకకని గడప దాటడం లేదమ్మా అని ఆయన కక్కేశాడు. మర్నాడు పొద్దున పని ఎక్కడానికి వచ్చినవాళ్లకి ఫ్యాక్టరీ గోడ వెంట ఎర్ర టోపీ ఒకటి ఊగుతూ కనిపించింది. దాని వెనకే గరిటె పట్టుకుని ఆడపడుచు.

"ఆగకు వదినా. కుక్కలింకా హుషారుగానే ఉన్నాయి."