పెద్దమ్మ వాయిదా

మద్దిలపాలెం డిపో వెనక సందులో, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. విదేశీ సాయంతో నడిచే సంస్థ. ఎలమంచిలి చుట్టుపక్కల పల్లెల్లో పేదవాళ్ళకి మేకలిచ్చేవాళ్ళం, వాళ్ళ కోర్టు కేసులూ నడిపించేవాళ్ళం. కేసుల పని నాది. నల్లకోటు లేదు గానీ పెత్తనానికి లోటు లేదు.

ఒక పల్లెలో ఒంటరి పెద్దమ్మ ఉండేది. ఆమెకున్నదల్లా ఎకరం జీడితోట. పక్క రైతు హద్దురాళ్ళు పీకేసి తోట తనదన్నాడు. ఆమె చేత కేసు వేయించాం. మేమిచ్చిన మేకలు ఆ తోటలోనే మేసేవి.

సరిగ్గా ఆమె సాక్ష్యం చెప్పాల్సిన రోజునే, సాయం చేసే విదేశీయులు మేకల్ని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. మేమిచ్చిన వాటిలో బతికి బట్టకట్టినవి ఆమె మేకలే. మిగతావి కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని పండగ కూరలయ్యాయి. ఆమె కోర్టుకే వెళ్తానంది. నేనే ఆపాను. వాయిదా అడిగితే ఇవ్వని కోర్టు ఎక్కడుంది, లాయరుగారు చూసుకుంటారు, నువ్వుండు అన్నాను. అంతకుముందు అడిగిన ప్రతిసారీ ఇచ్చారు మరి, మాకూ, అవతలివాళ్ళకీ.

వాళ్ళొచ్చారు. పెద్దమ్మ బంతిపూల దండలు వేసింది. ఒకావిడ మేకపిల్లని ఎత్తుకుంటే అది ఆవిడ చొక్కా బొత్తాం నమిలేసింది. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను.

సాయంత్రం లాయరుగారు ఫోన్ చేశారు. ఇంకెన్ని వాయిదాలని జడ్జిగారు విసుక్కుని, మనిషి రాలేదని కేసు కొట్టేశారట. నెలలోపు అర్జీ పెడితే మళ్ళీ తెరుస్తారు, ఆమె వేలిముద్ర కావాలి అన్నారు. అంటే జరిగింది ఆమెకి నేను చెప్పాలి.

మర్నాడు వెళ్ళాను. మేకలకి ఆకు వేస్తూ, వాయిదా పడిందా అని అడిగింది. పడింది పెద్దమ్మా, అన్నాను.

రేపు చెబుదామనుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు, ఆ ముఖం చూడటానికి భయమేసింది. తర్వాత రిపోర్టు పనిలో పడ్డాను. దాని అట్టమీద దండ పట్టుకున్న ఆమె ఫోటోయే. నెల దాటిపోయింది. ఆ తర్వాత విదేశాల నుంచి నిధులు ఆగిపోయాయి, ఆఫీసు మూసేశారు. ఇప్పటికీ చర్చిలో కళ్ళు మూసుకుంటే నాకు ప్రార్థన రాదు. వాయిదా పడిందా అన్న ఆ గొంతే వినిపిస్తుంది.

మొన్న గాజువాకలో షేర్ ఆటో ఎక్కితే, పక్కన ఆమే. తోట చుట్టూ ఆ రైతు కంచె కట్టేశాడట. మేత లేక మేకల్ని అమ్మేసి, ఇక్కడ అపార్టుమెంట్లో మెట్లు తుడుస్తోందట. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నాను రానేదని జడ్జీ బాబుకి కోపం నేదు కదమ్మా? మన వాయిదా ఎప్పుడో ముందే సెప్పు. ఆ రోజు పన్లోకెళ్ళను."

"కబురు పెడతాను పెద్దమ్మా," అన్నాను.

నా స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది. అయినా ఆటో ఆగిన చోటే దిగిపోయాను.