కూర్మమ్మ ఎర్రపెట్ట కాలు

బంటింగ్‌లో కూర్మమ్మను ఎరిగినవాళ్లెవరూ ఆమెకొక మాట చెప్పి, నమ్మిందనుకుని ఇంటికి వెళ్లరు. చేపలవాడు పొద్దున పట్టిన చేపంటే మొప్ప ఎత్తి చూస్తుంది. డ్రైవరు ఈ బస్సు క్లాంగ్ వెళ్తుందంటే, ఎక్కి కూర్చున్నాక పక్కావిణ్ణి మళ్లీ అడుగుతుంది.

ఆ గుణం ఊరికే రాలేదు. ఆమె పుట్టింది, తాతల కాలంలో తెలుగువాళ్లు ఓడెక్కి కూలికి వచ్చిన రబ్బరు తోటల్లో ఒకదానిలో, బటాంగ్ బెర్జుంటై దగ్గర. తోట చేతులు మారిన ఏడు, కొత్త చోట ఇళ్లు కట్టి సిద్ధంగా ఉన్నాయని తోట గుమస్తా చెప్పాడు. వాళ్లంతా కిరాణి అని పిలిచే ఆ గుమస్తా తెలుగువాడే. మనవాడే కదా అని తండ్రి పైడిరాజు సామాను లారీకెక్కించాడు. దిగిన చోట పామాయిలు మొక్కలున్నాయి గానీ ఒక్క గోడ లేదు. తడిసిన మూటల మీద కూర్చున్న తండ్రి మొహం కూర్మమ్మ మరిచిపోలేదు.

పెళ్లయి బంటింగ్ వచ్చాక చేతి తొడుగుల ఫ్యాక్టరీలో చేరింది. తొడుగులో గాలి నింపి, చిల్లుందేమో చూడటం పని. మిగతావాళ్లు బాగుందనుకుని చూసేవాళ్లు, కూర్మమ్మ చిల్లుందనుకునే చూసేది. పని మానేదాకా ఆమెను ఆ బల్ల దగ్గర నుంచి కదపలేదు.

భర్త పోయాక కూతురు పునిత, అల్లుడు జగదీష్ ఆమె దగ్గరే ఉంటున్నారు. ఇంటి వెనకున్న కాస్త జాగాలో కోళ్లు పెంచుకుంటోంది. పాత గూడు వానలకు కుళ్లిపోతే జగదీష్ సెలవులు పెట్టి మరీ కొత్తది కట్టాడు. కింద సిమెంటు పోశాడు, పైన కోళ్లు పడుకోవడానికి ఎత్తుగా కర్ర బిగించాడు. కూర్మమ్మ గూడు చుట్టూ తిరిగి చూసి, వంక దొరక్క, బాగుందంది.

కొన్నాళ్లకు ఎర్రపెట్ట కుంటడం మొదలెట్టింది. గింజలు వేస్తే మిగతావన్నీ పరుగెత్తుకొచ్చేవి, అది ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని వెనకే నిలబడిపోయేది. పట్టుకుని తిప్పి చూస్తే అరికాలు ఉబ్బి వేడిగా ఉంది. మధ్యలో నల్లటి పక్కు. అదే రోజు వెనక కంచె పక్కన గాజు పెంకులు కనిపించాయి. కంచెకు అవతల ఇల్లు రుక్మణిది.

రుక్మణి జార్జ్ టౌన్ పట్నం మనిషి. టీచరుగా రిటైరై, తమ్ముడికి దగ్గరగా ఉంటుందని ఈ మధ్యే ఇక్కడికొచ్చింది. తెలుగు మాట్లాడుతుందని తెలిసి మొదట్లో కూర్మమ్మ సంతోషించింది. తాతలు తోటల్లో కిరాణీలుగా చేశారని తెలిశాక ఆ సంతోషం ఆవిరైంది. పైగా, మీ పుంజు కూతకు తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోందని రుక్మణి ఒకసారి నవ్వుతూ అంది. అది ఉత్త నవ్వేనని కూర్మమ్మ నమ్మలేదు.

గాజు పెంకులు దోసిట్లో పెట్టుకుని, ఇది రుక్మణి పనేనని కూతురికి చూపించింది.

"సుమ్మా ఉండమ్మా. ఆవిడ టీచర్ లా," అంది పునిత, ఊరుకోమన్నట్టు, ఆ ఊళ్లో అందరిలాగే మాట చివర "లా" తగిలిస్తూ.

"టీసరైతే ఏటి? ఆల తాత కిరాణి."

జగదీష్ మాత్రం, కుంటికోడిని ఎన్నాళ్లు మేపుతాం, కూర వండేద్దాం అన్నాడు. దాంతో అల్లుడి మీదా అనుమానం పుట్టింది. గూడు జాగాలో మోటారుసైకిలు పెట్టుకోవాలని చూస్తున్నాడేమో. ఆ రాత్రి గూటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

తాళం వేసినా ఎర్రపెట్ట కుంటు తగ్గలేదు. పైగా తెల్లపెట్ట కూడా అడుగు ఆచితూచి వేయడం మొదలెట్టింది. ఇక ఎవరినీ అడిగి లాభం లేదని, తెల్లవారకముందే కాఫీ గ్లాసు పట్టుకుని ఆరేసిన దుప్పటి చాటున కూర్చుంది. ఏ చెయ్యి కంచె దాటి వస్తుందో కళ్లారా చూడాలనుకుంది.

ఏ చెయ్యీ రాలేదు. వెలుతురు పడింది. కర్ర మీంచి పుంజు దూకింది. సిమెంటు మీద దభీమని చప్పుడైంది. వెనకే తెల్లపెట్ట దూకి, తూలి నిలదొక్కుకుంది. ఎర్రపెట్ట చాలాసేపు కిందికి చూస్తూ ఆగి, చివరికి బరువుగా పడి, వెంటనే కాలు ఎత్తేసింది. కూర్మమ్మ లేచి గూటి దగ్గరకు వెళ్లింది. కర్ర తన గుండెలెత్తున ఉంది. అంచులు చెయ్యి పెడితే గీరుకున్నాయి. రోజూ తను చూస్తున్న గూడే అది. కాఫీ చల్లారిపోయింది.

గాజు సంగతి జగదీష్‌నే అడిగింది. గూడు కట్టేటప్పుడు చెక్క తగిలి వంటింటి కిటికీ అద్దం పగిలిందనీ, ఆమె చూడకముందే కొత్తది బిగించి, పెద్ద ముక్కలే ఎత్తాననీ చెప్పాడు. కర్ర సంగతి అడిగితే అతని మొహం చిన్నబోయింది.

"ఎత్తుగుంటే పునుగుపిల్లికి అందవనుకున్నాను అత్తా."

కూర్మమ్మ కొంగుముడి విప్పింది. తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

వైద్యం సంగతి కూడా ఒక్కచోట విని ఊరుకోలేదు. పునిత ఫోనులో చూసి చెప్పింది విన్నాక దాణా కొట్టుకు వెళ్లి అదే అడిగింది. రెండు మాటలూ కలిసినంతవరకే నమ్మింది. కొట్టువాడు చూపించిన మందుపొడి వద్దంది, గుడ్లు తినేది తామే కదా. వాపు కాలిపైకి పాకితే మాత్రం క్లాంగ్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని పునితతో మాట తీసుకుంది.

ఆదివారం పెరట్లో తొట్టెలో గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసింది. చేతి తొడుగుల్లో గాలి ఊది, చిల్లులు లేవని చూసుకుని తొడుక్కుంది. ఎర్రపెట్ట రెక్కలు కొట్టి నీళ్లన్నీ పునిత మీద పోసింది. ఆ గోలకు రుక్మణి కంచె దగ్గరికొచ్చి, పట్టుకోనా అక్కా అని అడిగింది.

కూర్మమ్మ తలెత్తింది. "నా కోల్లంటే నీకు గిట్టదు గదమ్మా. మరెందుకొచ్చినావు?"

"పుంజు కూస్తే మెలకువ వచ్చేస్తోందన్నాను. పెట్ట కుంటాలని అనలేదు కదా. రోజూ వంటింట్లోంచి చూస్తున్నాను, పాపం అనిపించింది."

"రోజూ సూస్తన్నావా?"

"మీరు నన్ను చూస్తున్నారు కదక్కా."

పునిత తల వంచుకుంది. కూర్మమ్మ రుక్మణి మొహంలోకి చూసి, గేటు తీయమని కూతురికి చెప్పింది.

రుక్మణి కోడిని తువ్వాలులో చుట్టి, తల మీద కొంగు కప్పి ఒళ్లో పెట్టుకుంది. చీకటి పడిందనుకుని అది నెమ్మదించింది. కాలు బాగా నానాక కూర్మమ్మ మెత్తబడిన పక్కును కొద్దికొద్దిగా లేపింది. కింద చీము జున్నుముక్కలా గట్టిపడి ఉంది. అది బయటికి వచ్చాక చిన్న గుంట మిగిలింది. ఉప్పునీళ్లతో కడిగి, అయోడిన్ మందు అద్ది, శుభ్రమైన పల్చటి గుడ్డ పెట్టి, వేళ్లు బిగుసుకోకుండా కట్టు కట్టింది. అంతసేపూ ఆమె కళ్లు సగం కాలి మీద, సగం రుక్మణి చేతుల మీద ఉన్నాయి. ఆ చేతులు కదల్లేదు.

ఎర్రపెట్టను పొడి రంపపు పొట్టు పరిచిన పెట్టెలో విడిగా ఉంచారు. రోజూ కట్టు విప్పి కడిగి మళ్లీ కట్టేవారు. తెల్లపెట్ట కాలు ఉప్పునీళ్లలో నానబెట్టడంతోనే నయమైంది. జగదీష్ కర్రను మోకాలి కిందికి దించి, అంచులు నున్నగా రుద్ది, సిమెంటు మీద పొట్టు మందంగా పరిచాడు. వాపు తీసి, గుంట పూడి, కొత్త చర్మం వచ్చేసరికి చాలా రోజులే పట్టింది. ఒక ఉదయం గింజలు వేస్తే ఎర్రపెట్ట మిగతావాటితో పాటు రెండు కాళ్ల మీదా పరుగెత్తుకొచ్చి, తెల్లపెట్టను పొడిచి పక్కకు నెట్టింది.

ఆ రోజే కూర్మమ్మ ఒక గిన్నెలో గుడ్లు పట్టుకెళ్లి రుక్మణికిచ్చింది. తను ఏమనుకుందో, ఎందుకు కాపు కాసిందో చెప్పలేదు. చెబుదామనే వెళ్లింది గానీ, నోరు రాలేదు. రుక్మణి రెండు చేతులా అందుకుని, ఎంత మంచి గుడ్లక్కా అంది.

ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతూ కూర్మమ్మ కిటికీలోంచి అటు చూసింది. రుక్మణి గిన్నెనిండా నీళ్లు పోసి, ఒక్కో గుడ్డూ అందులో వేసి, తేలుతుందా మునుగుతుందా అని వంగి చూస్తోంది. పక్కనే ఉన్న పునితకు కోపమొచ్చింది, ఇచ్చిన చేతినే అనుమానిస్తోందని.

"ఊరుకోవే," అంది కూర్మమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె మొహం విప్పారింది. "ఎవులేటి సెప్పినా నమ్మేసే మనిసి కాదు. రేపు కాఫీకి రమ్మను."