ఉప్పేనా మేడం?

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన చిన్న ల్యాబ్‌లో నల్గొండ వైపు నుంచి వచ్చిన అటెండరొకాయన ఉండేవాడు. ప్రోటీన్ స్ఫటికాలు కట్టడానికి మేం ద్రావణం చుక్కలు పెట్టిన ప్లేటును రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి మోసేవాడు. "పాలు తోడేసినట్టే మేడం, కదిలిస్తే పేరుకోదు," అనేవాడు.

ఒకరోజు ఓ చుక్కలో సన్నని పలుకులు కనిపించాయి. ఉప్పు కట్టిందనుకుని ప్లేటు కడిగెయ్యమన్నాను. ఆయన కదల్లేదు.

"జర సూదితోని ముట్టి చూడున్రి మేడం. ఉప్పైతే టక్కుమని పగుల్తది. ప్రోటీనైతే మెత్తగ నలుగుతది."

"మీ పని మీరు చూసుకోండి," అన్నాను. కుళాయి దాకా కూడా ఆ ప్లేటును కదలనివ్వకుండానే తీసుకెళ్లాడు.

ఆయన పని మానేశాక అదే ద్రావణంలో అవే పలుకులు మళ్లీ కట్టాయి. ఈసారి యూవీ లైటు కింద పెట్టాను. ఉప్పైతే వెలగదు. అవి వెలిగాయి.

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల మీద కనబడ్డాడు. మనవరాలి కేకు డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. బాగోగులు అడిగి, "అప్పుడు గా ప్లేట్ల ఉన్నది ఉప్పేనా మేడం?" అన్నాడు.

"ఉప్పే," అన్నాను.

"నేనే తప్పు చూసిన అన్నట్టు," అని నవ్వి, కేకు కదలకుండా మెల్లగా మెట్లు దిగిపోయాడు.