చచ్చాక రెండేళ్ళు బతికిన సింగన్న

నల్లపాడు స్టేషనుకు అవతల మిరపకాయల కళ్ళంలో వెంకటేశ్వరమ్మ చేసిన పనిని సేవ అనో, విద్యాదానం అనో పిలవడానికి మనవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఆవిడ అలా అనుకోలేదు. ఎండు మిరపకాయలకు పొద్దస్తమానం ముచ్చికలు, అదే తొడిమలు, తుంచుతూ కూచుంటే వేళ్ళు మండుతాయి. పుస్తకం చదివితే మండవు. ఆవిడకు తెలిసిన కారణం ఇంతే.

అద్దంకి దగ్గర పల్లెలో మూడో తరగతి దాకా చదివి, పెళ్ళయి ఇటు వచ్చిన మనిషి. 1957 సీజన్లో, బ్రాడీపేటలో అలీ సాహెబ్ అద్దెపుస్తకాల కొట్టు నుంచి ఏదో పిల్లల మాసపత్రిక పాత సంచికలు తెచ్చుకుని, అన్నాల వేళ చదువుకుంటోంది. పక్కన కూచునే సామ్రాజ్యం "ఆ చదివేదేదో పైకి చదవరాదూ, మేమూ వింటాం" అంది. అన్నాల వేళ చదువు నెల తిరక్కుండా పని వేళకు పాకింది. ఇరవై మంది ఆడవాళ్ళు చుట్టూ కూచుని ముచ్చికలు తీస్తుంటే ఆవిడ మధ్యలో కూచుని చదివేది. కూలి తూకాన్ని బట్టి గనక చదివే మనిషి గంప ఖాళీగా ఉంటే కుదరదు. అందుకని తలా పిడికెడు కాయ ఆవిడ గంపలో వేసేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరూ ప్రవేశపెట్టలేదు. తనంతట తనే వచ్చింది.

వాళ్ళు వినేది 'పగడపు కోట' అనే జానపద సీరియల్. మాంత్రికుడి చెరలో ఉన్న రాకుమారి కోసం మకరకేతు అనే రాకుమారుడు ఏడు దీవులు దాటడం అందులో కథ. రాకుమారుణ్ణి కళ్ళంలో ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ కావలసినవాడు అతని మూట మోసే సింగన్న. తిండిపోతు, పిరికివాడు, నోరు మాత్రం ఊరుకోదు.

1958లో చిక్కు వచ్చింది. కథలో రాకుమారుడికి దారి చూపించే చిలకను మాంత్రికుడు బాణంతో కొట్టి చంపాడు. మిరప కళ్ళంలో ఘాటుకు అందరి కళ్ళూ ఎప్పుడూ కారుతూనే ఉంటాయి గనక అక్కడ కన్నీళ్ళకు విలువ లేదు. దుఃఖమని తెలియాలంటే వేరే ఏదన్నా చేయాలి. సామ్రాజ్యం లేచి, "చావు కబురు విన్న చేత్తో గంప ముట్టుకుంటామా?" అని తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని చెట్టు కింద కూచుంది. ఆవిడ వెనక మిగతా అందరూ. ఒక పూట పని పోయింది. మేస్త్రీ చెంచురామయ్య వచ్చి చచ్చిందెవరని అడిగాడు. చిలక అన్నారు. ఎవరి చిలక అన్నాడు. సంగతి తెలిశాక వెంకటేశ్వరమ్మ మీదికి తిరిగాడు.

"ఇదిగో అమ్మాయ్, ఇంకోసారి ఆ పుస్తకంలో ఎవడన్నా చచ్చాడంటే చదువు బందు. చెప్పానంతే."

మరుసటి సీజన్లో నాలుగో దీవి దగ్గర, రాకుమారుడి మీదికి వచ్చిన ఈటెకు అడ్డంపడి సింగన్న చచ్చిపోయాడు. వెంకటేశ్వరమ్మ ఆ వాక్యం కళ్ళతో ముందే చూసింది. నోటితో మాత్రం "ఈటె సింగన్న మోస్తున్న మూటలో గుచ్చుకుంది, అందులో ఉన్న అప్పాలన్నీ పొడి అయ్యాయి" అని చదివింది. అందరూ నవ్వారు.

ఆ తరవాత ఆపడం కుదరలేదు. మకరకేతు ఒంటరిగా నడిచాడని అచ్చులో ఉంటే, ఇద్దరూ నడిచారని చదివింది. అయిదో దీవిలో రాక్షసుడి వంటింట్లో పనిచేసే పిల్లతో సింగన్నకు పెళ్ళి కూడా చేసింది. రెండు సీజన్లు అలా గడిచాయి. 1961లో ఆ సీరియల్‌ను సినిమాగా తీశారు. గుంటూరులో ఆడుతోందని తెలిసి కళ్ళం కళ్ళమంతా ఆదివారం కదిలింది. కడుపులో నొప్పని వెంకటేశ్వరమ్మ ఒక్కతే వెళ్ళలేదు.

సోమవారం పొద్దున సామ్రాజ్యం గంప దించకుండానే మొదలెట్టింది.

"వాళ్ళ చేతులు పడిపోనూ! సింగన్నను చంపడానికి వాళ్ళెవరే?"

"సినిమా అన్నాక ఏడిపించాలిగా వదినా," అంది సుబ్బరావమ్మ. ఆవిడకు సినిమా నచ్చింది. "ఏడవకపోతే రెండోసారి ఎవరు చూస్తారు?"

"మరి వంటింట్లో పెళ్ళేదీ? ఆ పిల్లను అసలు చూపించనే లేదు!"

"వేషానికి మనిషి దొరికుండదులే."

"నన్నడిగితే నేను పోయేదాన్నిగా!"

"నువ్వు పోతే సింగన్న ఇంకా ముందే చచ్చేవాడు."

కళ్ళం గొల్లుమంది. ఆ నవ్వులో, వారం కిందట పనిలో చేరిన దేవకుమారి, మిషన్ బడిలో చదువుకున్న పిల్ల, అమాయకంగా నోరు తెరిచింది.

"పెళ్ళేంటక్కా? పుస్తకంలోనూ సింగన్న నాలుగో దీవిలోనే చచ్చిపోయాడుగా. సినిమావాళ్ళు ఉన్నదున్నట్టే తీశారు."

"ఏమన్నావే?" సామ్రాజ్యం నడుం మీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్ళూ వెంకటేశ్వరమ్మ చదువుతుంటే విన్నవాళ్ళం. మేం చెవిటోళ్ళమా?"

"మా టీచరమ్మ పత్రిక తెప్పించేదక్కా. నేను చదివాను."

"అబద్ధాలు! మా మధ్య కూచోవద్దు. లేచి ఆ చివరికి పో."

పిల్ల గంప చంకనెత్తుకుంది. వెంకటేశ్వరమ్మ మాట్లాడకుండా కూచుంటే సరిపోయేది. ఆ పత్రిక తెరిచి సరిచూడగలవాళ్ళు అక్కడ ఇద్దరే, అందులో ఒకర్ని ఇప్పుడే వెళ్ళగొడుతున్నారు.

"కూచో పిల్లా," అంది వెంకటేశ్వరమ్మ. తరవాత మిగతావాళ్ళతో, "అది చెప్పింది నిజం. చచ్చాడు. లేనిది నేనే చదివాను."



"ఎందుకూ?" అంది సుబ్బరావమ్మ.

"ఎవరన్నా చస్తే చదువు బందన్నాడుగా మేస్త్రీ. చిలకకే పూట పని మానేశారు. సింగన్నకైతే వారం మానేసేవాళ్ళు."

మాట నిజమే. కానీ కారణం సరైనదైనంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడా లేదు. సామ్రాజ్యం తన గంప పక్కకు నెట్టింది.

"ఊళ్ళో వాళ్ళకి చెప్పకపోతే మానె. నాకన్నా చెప్పొద్దూ? చచ్చినోడి మీద రెండేళ్ళు నవ్వించావు నన్ను."

ఆ రోజునుంచి వెంకటేశ్వరమ్మ గంపలో పిడికెళ్ళు పడలేదు. ఆవిడా వరసలో కూచుని ముచ్చికలు తీసింది. చదువు దేవకుమారికి అప్పగించారు. ఆ పిల్ల అక్షరం కింద వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు, గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా చదివేది. నిజాయితీకి లోటు లేదు. లోటల్లా, వినేవాళ్ళకు రెండేళ్ళుగా తెలిసిన కథ ఇది కాదు.

"సింగన్న లేకపోతే ఆ మూట ఎవరు మోస్తున్నారే?" అంది సుబ్బరావమ్మ.

"రాకుమారుడే అక్కా."

"వాడా! రెండడుగులకు దించుతాడు."

పది రోజులకు చదువుతుంటే మధ్యలో మాటలు ఎక్కువయ్యాయి. ఒక మధ్యాహ్నం సామ్రాజ్యం తలెత్తకుండా అడిగింది.

"ఆరో దీవికి పడవెక్కించి వదిలేశావు. దిగాడా?"

"ఎవరు?" అంది వెంకటేశ్వరమ్మ.

"ఎవరేంటే! సింగన్న."

"చచ్చాడుగా."

"అది అచ్చులోవాడు. నేనడిగేది నీవాడి సంగతి. వాడి పెళ్ళాం అయిదో దీవిలో ఎదురుచూస్తోందా లేదా?"

చుట్టూ చేతులు ఆగాయి. వెంకటేశ్వరమ్మకు మళ్ళీ తన చోటు, మళ్ళీ మండని వేళ్ళు, ఒక్క వాక్యం దూరంలో ఉన్నాయి. ఆ వాక్యం ఆవిడ దగ్గర సిద్ధంగా ఉందనడంలో సందేహం అక్కర్లేదు.

"నాకు తెలీదు సామ్రాజ్యం. చదివి పెట్టమంటే అచ్చులో ఉన్నది చదువుతా. లేనిది ఇక నా నోట రాదు."

దీన్ని సత్యవ్రతం అనుకోనక్కర్లేదు. నన్ను నవ్వించావని తిట్టిన మనిషిని మళ్ళీ నవ్వించడం ఆవిడకు ఇష్టం లేదు. మొండితనం. సామ్రాజ్యం కూడా ఇంకోసారి అడగలేదు.

ఆ వేసవి చివర దేవకుమారి పెళ్ళయి వెళ్ళిపోయింది. అచ్చులో కథ వినాలని ఎవరూ అడగనందున కళ్ళంలో చదువు దానంతటదే ఆగిపోయింది. తగువు ఆగలేదు. పడవ మునిగిందని సుబ్బరావమ్మ పక్షం, దిగాడని సామ్రాజ్యం పక్షం. కొత్తగా చేరినవాళ్ళు, సీరియల్ పేరైనా విననివాళ్ళు, ఏదో ఒక పక్షంలో చేరేవాళ్ళు. 1968లో కంటిచూపు తగ్గి పని మానేదాకా వెంకటేశ్వరమ్మ ఇద్దరి మధ్యా కూచుని, తుంచిన ముచ్చికలు ఒక పక్కా కాయలు ఒక పక్కా వేస్తూ, రెండు వైపుల వాదాలూ వింది. ఎవరిదీ తప్పనలేదు.