ఏడవని పిల్ల

మా జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో చార్టులు మోసే అటెండరు సామేలుకు పెళ్ళయిన పదకొండేళ్ళకు, తొంభై నాలుగులో, కూతురు పుట్టింది. సుప్రియ అని పేరు పెట్టుకున్నారు. సామేలు తెనాలి వైపు మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. లాలాపేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ తార్నాక మీదుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఎండోక్రైన్ గ్రంథుల చార్టు అతను వేలాడదీస్తే ఒక్క ముడత ఉండేది కాదు. పిట్యుటరీ, థైరాయిడ్, అడ్రినల్, ఏది ఎక్కడుందో కర్రతో టకటకా చూపించేవాడు. అవి ఏం చేస్తాయో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పన్నెండేళ్ళు అతని ముందే ఇంగ్లీషులో పాఠం దంచి చేతులు దులుపుకున్నాను.

ఆ పిల్ల ఏడ్చేది కాదు. ఇంటి ఓనరు ఉప్పలమ్మ వాడకట్టంతా చెప్పుకునేది: "గిసొంటి పిల్లను నేనేడ సూడలే. ఏడ్సుడన్నదే లేదు గద!" ఆదివారం చర్చిలో సామేలు లేచి నిలబడి, దేవుడు మా ఇంటికి నెమ్మది ఇచ్చాడని సాక్ష్యం చెప్పాడు. అప్పటినుంచి పిల్లకు ఇంట్లో నెమ్మది అనే ముద్దుపేరు ఖాయమైంది.

మూడో నెలలో సామేలు, అతని భార్య రాహేలు పిల్లను డిపార్ట్‌మెంట్‌కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. చల్లగా, బరువుగా, కదలకుండా పడుకుంది.

"పాలకు కూడా ఏడవదండీ మేడం. నేనే లేపి పట్టాలి. బొడ్డు కూడా ఉబ్బి ఉంటుందండీ," అంది రాహేలు భయంగా.

"అదృష్టవంతురాలివి. మా అబ్బాయి వంశీ అయితే ఏడ్చి వీధంతా లేపేవాడు," అని నవ్వాను. బయటికి వచ్చిన నాలుక కొసను వేలితో తాకి ముద్దు కూడా చేశాను. అంతకు ముందు వారమే థైరాయిడ్ పాఠం చెప్పి ఉన్నాను. కళ్ళున్నాయి, పీహెచ్‌డీ ఉంది, ఏం లాభం!

ఏడాది తిరగకముందే మళ్ళీ అదే పాఠం వచ్చింది. తెలుగు మీడియం పిల్లలు కొందరు అర్థం కావట్లేదంటే, విసుక్కుంటూనే తెలుగులో చెప్పాను.

"ఈ గ్రంథులకు నాళాలుండవు. హార్మోను నేరుగా రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. పిట్యుటరీ పురమాయిస్తే థైరాయిడ్ థైరాక్సిన్ తయారుచేస్తుంది. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయకపోతే పిట్యుటరీ ఎంత మొత్తుకున్నా జవాబుండదు. గుండె, పేగు, మెదడు, అన్నీ నెమ్మది. నాలుక బయటికి వస్తుంది, బొడ్డు ఉబ్బుతుంది, పిల్ల ఏడవదు. మొదటి వారాల్లోనే మందు పడకపోతే మెదడు సరిగా ఎదగదు."

చార్టు పక్కన నిలబడ్డ సామేలు చేతిలో కర్ర జారి కింద పడింది.

"ఏడవకపోవడం కూడా జబ్బేనాండీ?"

క్లాసు ఘొల్లున నవ్వింది. నేను క్లాసు అక్కడితో ఆపి అతన్ని వరండాలోకి తీసుకెళ్ళాను. పదమూడు నెలల సుప్రియ ఇంకా మెడ నిలపలేదని అతను నాకు చెప్పింది ఆరోజే.

మర్నాడే నేను వాళ్ళను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. రక్తపరీక్షలో పిట్యుటరీ పంపే హార్మోను విపరీతంగా ఉంది, థైరాక్సిన్ దాదాపు లేదు. డాక్టరు చిన్న తెల్ల మాత్ర రాశారు. రోజూ పొద్దున్నే పొడిచేసి, నీళ్ళలో రంగరించి పోయాలి, బతికినంతకాలం. మందు మొదలుపెట్టిన మూడో వారానికి పిల్ల గట్టిగా ఏడ్చింది. రాహేలు కూడా ఏడ్చిందట, ఉప్పలమ్మ పరుగెత్తుకొచ్చిందట. ఆ సంగతి చెబుతుంటే సామేలు మొహం వెలిగిపోయింది. ఒళ్ళు కోలుకుంటుంది గానీ మెదడుకు జరిగిన నష్టం పూడదని డాక్టరు నాతో విడిగా అన్నారు. ఆ మాట అతనికి చెప్పే పని నా మీద పెట్టారు.

రెండేళ్ళు దాటవేశాను. సుప్రియ నడిచింది. మాట మాత్రం రాలేదు. తల్లిని కూడా పిలవదు. ఒకరోజు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు సామేలు మాత్రల సీసా పట్టుకుని నా గదికి వచ్చాడు.

"మేడం, రోజుకు రెండు వేస్తే ఆ పోయిన ఏడాది కూడా వచ్చేస్తుందాండీ?"

"రాదు సామేలూ," అన్నాను. "అసలు ఆ మూడో నెలలోనే నేను కనిపెట్టి ఉండాల్సింది. తప్పు నాది."

అతను సీసా మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఒకటే వేస్తానండీ," అన్నాడు.