శేషాచలం గారి ‘వద్దు’

శేషాచలం గారిని ఏమడిగినా మొదటి మాట ‘వద్దు’. రెండో మాట ఏమిటన్నది అడిగినవాళ్ల ఓపికను బట్టి ఉండేది.

“టీ తాగుతారా?” అని భార్య ఆండాళ్ అడిగితే “వద్దు” అంటూనే చెయ్యి చాపేవారు. ముప్పై ఐదేళ్లుగా ఆ మాట వింటున్న ఆవిడ కప్పు చేతిలో పెట్టి తన పని చూసుకునేది. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి ‘ఎలా ఉన్నారు’ అని ఇంగ్లీషులో పలకరిస్తే “నో, థాంక్యూ” అనేవారు. వీధిలో కొత్త మొక్కలు నాటుతామని కౌన్సిల్ వాళ్లు కాగితం పంపితే వద్దని జవాబు రాసిందీ ఆయనే. వాళ్లు వినకుండా నాటిపోతే ఎండాకాలమంతా బకెట్లతో నీళ్లు మోసిందీ ఆయనే.

కర్నూలు నుంచి దేశం దాటి వచ్చి, ట్రుగనీనా అనే శివారులో ఒక పెద్ద గోడౌన్‌లో పందొమ్మిదేళ్లు ఫోర్క్‌లిఫ్ట్ నడిపి రిటైరైన మనిషి. రిటైరైన మర్నాటి నుంచి సాయంత్రాలు మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని మైదానానికి వచ్చేవారు. అక్కడ ‘ట్రుగనీనా తూనీగలు’ ప్రాక్టీసు చేసేవాళ్లు. అది ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టు. అమెరికన్ ఫుట్‌బాల్‌కి సాధువైన చెల్లెలు ఈ ఆట. ఇందులో ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోరు. నడుముకు వేలాడే గుడ్డపట్టీని ఎదుటివాళ్లు లాగేస్తే పరుగు అక్కడితో ఆగినట్టే. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే ఆడతారు.

జట్టు కోచ్ బాలమురళి. వారమంతా బ్యాంకులో సాఫ్ట్‌వేర్, మిగిలిన టైమంతా తూనీగలు. గుంటూరు మనిషి, ఆశాజీవి. అతనికీ ఒక ఊతపదం ఉంది: ‘అడ్జస్ట్ చేద్దాం.’ మైదానంలో లైట్లు వెలగకపోతే అడ్జస్ట్ చేద్దాం, ఎనిమిది మంది రావలసిన చోట నలుగురొస్తే అడ్జస్ట్ చేద్దాం. అలా అడ్జస్ట్ చేసీ చేసీ ఆ ఏడు ఆరు జట్ల లీగ్‌లో తూనీగలు ఆరో స్థానంలో నిలిచాయి.

రోజూ వచ్చి కూర్చునే మనిషి కదా అని మురళి ఒకరోజు అడిగాడు.

“అంకుల్, మా సెలెక్షన్ కమిటీలో ఉంటారా?”

“వద్దు,” అన్నారు శేషాచలం గారు. మొదటి మీటింగుకి అరగంట ముందే వచ్చి కూర్చున్నారు.

ఆ ఏడాదే లీగ్ వాళ్లు డ్రాఫ్ట్ పెట్టారు. కొత్త ఆటగాళ్లు పేర్లు ఇస్తారు, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. ఆఖరున నిలిచిన జట్టుకి మొదటి వంతు. ఎంపికైనవాళ్లు రెండేళ్లు ఆ జట్టుకే ఆడాలి, వారానికి మూడు రోజులు ప్రాక్టీసుకి రావాలి. మధ్యలో మానేస్తే ఏడాదిపాటు ఏ జట్టుకూ ఆడనివ్వరు. ఎవరూ ఎంచుకోనివాళ్లు మరుసటి ఏడు నచ్చిన జట్టులో చేరవచ్చు.

తూనీగలకు కావలసింది క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని, ఎవరికి విసరాలో మూడు సెకన్లలో తేల్చుకుని విసిరే మనిషి. ట్రయల్స్‌కి మురళి తనే ఫారం నింపి మరీ లిఖితను పట్టుకొచ్చాడు. కరీంనగర్ అమ్మాయి, ఇరవై ఏళ్లు, ఇక్కడ నర్సింగ్ రెండో ఏడు. ఇంటి దగ్గర జావెలిన్ విసిరేదట. మొదటిసారి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చింది, రూము చూసిపెట్టింది మురళే.

“ఎంత దూరం విసరగలవో చూపించమ్మా,” అన్నాడు.

లిఖిత విసిరింది. బంతి మైదానం దాటింది, కంచె దాటింది, అవతల క్రికెట్ ఆడుకునేవాళ్ల పిచ్ మీద పడింది. బ్యాటింగ్ చేస్తున్నాయన దాన్ని కూడా కొట్టబోయాడు.

“అబ్బా! ఎవరికి విసిరావమ్మా?”

“తెల్వదన్నా. దూరం ఇసరుమన్నవ్ కదా?”

పరుగు పెట్టిస్తే జింక. ఎగరమంటే కోతి. కానీ ముగ్గురు మనుషులు మూడు వైపులకు పరిగెడుతుంటే ఎవరు ఖాళీగా ఉన్నారో చూడటం రాదు. మొదట కనబడినవాళ్లకే విసిరేది, వాళ్ల చుట్టూ నలుగురున్నా సరే. మురళికి అదేమీ కనపడలేదు. కంచె దాటిన బంతి ఒక్కటే కళ్లలో తిరుగుతోంది.

“అంకుల్, ఏమంటారు?”

శేషాచలం గారు కుర్చీ మడిచారు. “వద్దు.”

జట్టు అధ్యక్షురాలు శ్యామసుందరి ఇంట్లో మిరపకాయ బజ్జీల మధ్య కమిటీ కూర్చుంది. తేల్చాల్సినవి రెండు పేర్లు. ఒకవైపు లిఖిత. రెండోవైపు కౌశల్: ముప్పై నాలుగేళ్లు, ట్యాక్స్ లెక్కలు చూసే ఉద్యోగం, కొంచెం పొట్ట. ఇరవై మీటర్లకు మించి విసరలేడు, కానీ విసిరింది చేతిలో పడుతుంది.

“అక్కా, కౌశల్ ఇవాళ ఎంతో ఐదేళ్ల తర్వాతా అంతే,” అన్నాడు మురళి. “లిఖిత అలా కాదు. చూడటం నేర్పొచ్చు. ఆ చెయ్యి ఎవరు నేర్పగలరు? మనం వదిలేస్తే పక్క జట్టు వాళ్లు ఎత్తుకుపోతారు. ఆ తర్వాత రెండేళ్లు మన మీదే విసురుద్ది.”

శ్యామసుందరి శేషాచలం గారి వైపు చూసింది.

“అమ్మా, గోడౌన్‌లోకి కొత్తగా వచ్చినోడికి ఫోర్క్‌లిఫ్ట్ ఇస్తే ఏం చేస్తాడో తెలుసా? పైకెత్తి చూపిస్తాడు. ఎత్తేది మిషన్. ఎక్కడ దించల్లో తెలిసేదానికి మనిషికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది లోపల వాణ్ణి ఒంటరిగా నిలబెడితే సరుకు పోతుంది, వాడి ధైర్యమూ పోతుంది. సరుకు మళ్లీ తెచ్చుకోవచ్చు.”

శ్యామసుందరి చేతిలో బజ్జీ అలాగే ఆగింది. మురళి “ఆ అమ్మాయినే అడుగుదాం,” అని ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“మంగళ, గురు, శనివారాలు రాగలవా లిఖితా?”

“సరే అన్నా.”

“శనివారం పొద్దున ఆరింటికి?”

“సరే అన్నా.”

“చూశారా!” అన్నాడు మురళి.

“అమ్మాయ్, నీకు ఆసుపత్రి ట్రైనింగు ఎప్పుడు?” అని శేషాచలం గారు దూరం నుంచే అరిచారు.

అవతల లిఖిత గొంతు తగ్గింది. “పర్లేదు అంకుల్... చూసుకుంట.”

“అడ్జస్ట్ చేద్దాం లెండి,” అన్నాడు మురళి.

“వద్దు,” అన్నారు శేషాచలం గారు. ఈసారి ఎందుకో మెల్లగా అన్నారు.

డ్రాఫ్ట్ రోజు ఆదివారం మధ్యాహ్నం. కమ్యూనిటీ హాల్లో ఆరు టేబుళ్లు, ఆరు జట్లు. శేషాచలం గారు సమోసాల పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి తండ్రిలా టేబుల్ టేబుల్‌కీ తిరిగి అందరినీ పలకరించి వచ్చారు. మొదటి వంతు తూనీగలది. మురళి ‘లిఖిత’ అన్నాడు. శేషాచలం గారు వద్దన్నారు. శ్యామసుందరి చాలాసేపు పేర్ల కాగితం చూసి, మురళి మొహం చూడకుండా, “కౌశల్,” అంది.

వింతేమిటంటే మిగతా ఐదు జట్లూ కూడా లిఖితను తీసుకోలేదు. బంతి కంచె దాటడం చూసి నోళ్లు వెళ్లబెట్టినవాళ్లే తలలు దించుకుని వేరే పేర్లు చదివారు. మురళికి దుఃఖం రాలేదు, మండిపోయింది. ‘ముసలాయన గొణుగుడు హాలంతా అంటుకుంది’ అనుకున్నాడు. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో శేషాచలం గారి ఫొటో మీద ‘వద్దు’ అని రాసి స్టిక్కర్ చేస్తే, మురళి దాన్ని అవసరం లేని చోట కూడా వాడాడు.

మూడో వారం స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడిన లిఖిత కనిపించింది. నర్సు యూనిఫారంలో ఉంది. మురళి కారు ఆపి ఎక్కించుకున్నాడు.

“సారీ తల్లీ. నిన్ను తీసుకోలేకపోయాం. ఆ పెద్దాయన...”

“అన్నా, ఆయన్ని ఏమనకు,” అంది లిఖిత. ఆ తర్వాత కిటికీలోకి చూస్తూ చెప్పింది. “నాకు నవంబర్ దాకా దూరంల ఉన్న జీలాంగ్ హాస్పిటల్ల ట్రైనింగ్ ప్లేస్‌మెంట్. పొద్దుగాల నాలుగున్నరకి లేస్త. ఒక్క వారం మిస్సయినా సెమిస్టర్ మొత్తం పోతది. అంకుల్ ఇంటికొచ్చి అడిగిండు, నీకు ఇప్పుడు నిజంగ కావాల్నా అని.”

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“ఎట్ల చెప్పాలన్నా? ఎయిర్‌పోర్ట్‌కి వచ్చినవ్. రూము చూసినవ్. వదిన ప్రతి పండుగకి డబ్బా పంపిస్తది. నీకు కాదనాలంటే నోరు రాలే. అంకులే అన్నడు, ‘నీకు వద్దనడం రాదు, నాకు ఇంకోటి రాదు. నేనంటాలే’ అని. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టిన.”

మురళి గ్రీన్ సిగ్నల్ పడ్డా కారు కదపలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

“మరి మిగతా జట్లు?”

“సమోసాలు పట్కొని పోయిండు కదా. ‘ఈ అమ్మాయి నవంబర్ దాకా ఆసుపత్రిలో ఉంటది, తీసుకుంటే మీకు వచ్చేది పేరొక్కటే’ అని ఉన్న మాట చెప్పిండంట.”

ఆ రాత్రి మురళికి ఆయన పాత ‘వద్దు’లు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఉగాదికి నూట యాభై మందికి పులిహోర వాళ్ల వీధిలోని స్నేహ చేస్తుందని అందరూ తీర్మానిస్తే, “ఆ పులిహోర వద్దు, బయట చెప్పండి” అని ఆయన మొహం మీదే అనేశారు. ఎంత మాట అని ఊరంతా నొచ్చుకుంది. స్నేహకి అప్పుడు ఏడో నెల. ఆ రోజు ఆమె మాత్రం నొచ్చుకున్నట్టు కనపడలేదు.

ఆదివారం పొద్దున మురళి ఆయన ఇంటికి వెళ్లాడు. “పార్కులో ఉన్నారు. మన చెత్తబుట్టలు కూడా తీసుకుపోయారు,” అంది ఆండాళ్, అది మామూలే అన్నట్టు.

పార్కులో చక్రాలున్న పెద్ద చెత్తబుట్టలు మూడు, మూడు దిక్కుల్లో రంగురంగుల మూతలు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. లిఖిత బంతి పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తోంది. శేషాచలం గారు ఆమె కళ్ల ముందు చేతులు అడ్డంగా ఊపుతూ గెంతుతున్నారు.

“పసుపు మూత! కాదు, ఎర్ర మూత! చూడల్ల, ముందు చూడల్ల!”

బంతి ఎర్ర మూత బుట్టలో ధబ్బున పడింది.

“వారానికి గంట,” అన్నారు ఆయన ఆయాసపడుతూ, మురళిని చూసి. “ఈ గంట ఆ అమ్మాయే అడిగింది. ఆటంటే ఇష్టం లేదని ఎవరన్నారు?”

“నాతో ఒక్క మాట చెప్పుండాల్సింది అంకుల్.”

“చెప్పుంటే ఏమనేవాడివి?”

మురళి నోరు తెరిచాడు. ‘అడ్జ’ దాకా వచ్చిన మాటను మింగి, నాలుక్కరుచుకున్నాడు.

“అదే నాయనా,” అన్నారు శేషాచలం గారు జాలిగా. “నువ్వు మంచోడివి. మంచోళ్లకు కాదనేది శానా కష్టం. అందుకే ఊరికి నాలాంటి చెడ్డోడు ఒకడు ఉండల్ల.”

మురళి షూ లేసులు బిగించుకుని, ఆకుపచ్చ మూత బుట్ట పక్కకు వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ సీజన్ కౌశల్ తన ఇరవై మీటర్లతోనే జట్టును ఐదో స్థానానికి లాగాడు. మరుసటి ఏడు లిఖిత ఫారం తనే నింపుకుని తూనీగల్లో చేరింది. మొదటి మ్యాచ్ ఆఖరి నిమిషం, తూనీగలు నాలుగు పాయింట్లు వెనక. గట్టు మీద నుంచి మురళి రెండు చేతులూ ఆకాశానికెత్తి సైగ చేశాడు: దూరం విసురు, కంచె దాకా విసురు!

లిఖిత అతని వైపు చూసింది. చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది. కుడివైపు చూసింది, మధ్యలోకి చూసింది, ఎడమవైపు ఒంటరిగా పొట్ట ఊపుకుంటూ పరిగెడుతున్న కౌశల్‌కి ఆరు మీటర్ల దూరం నుంచి పసిబిడ్డను అందించినంత మెత్తగా బంతి అందించింది. కౌశల్ గీత దాటి బోర్లా పడ్డాడు. ఆరు పాయింట్లు, తూనీగలు గెలిచాయి.

జట్టంతా అతని మీద పడి అరుస్తోంది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్న మురళి, తన మాట వినని క్వార్టర్‌బ్యాక్‌ని చూసి, పడీ పడీ నవ్వాడు.