శాలువా చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎద్దుల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా కొలత టేపు, విజిలు మా నాయన చేతిలోనే ఉండేవి. ఆయన శిరివెళ్ల దగ్గర ఒక బడిలో మాస్టరు. గడువు అయిపోయిందని విజిలు మోగాక బండ కదిలితే ఆ దూరం చెల్లదు. ఒకసారి ఒక పెద్ద ఆసామి ఎద్దుల జతకు అలా కదిలిన అడుగున్నర నాయన తీసేశాడు. ఆ ఆసామి అందరి ముందూ నాయన చెంప మీద కొట్టాడు. నోట్లోని విజిలు పెదవిని కోసింది. అంత జనంలో ఒక్కరూ లేవలేదు. తల తిప్పుకున్న మొహాలు నాకింకా గుర్తే.

మరుసటి రోజు అమ్మ నన్ను బడికి పంపలేదు. వీధిలో మోటారు సైకిలు ఆగితే చాలు, కిటికీ మూసేది. నాయన పోలీసు స్టేషనుకు పోతే అక్కడి రైటరు అన్నాడట, "బడిలో కొట్టింటే ప్రభుత్వ ఉద్యోగి మీద దెబ్బ అయ్యేది సార్. ఆటలో కొడితే ఉత్త దెబ్బే. దానికైనా సాక్షి యాడ?"

సాక్షిగా ఎవరూ రాలేదు. మూడోనాడు నలుగురు పెద్దలు ఆసామిని వెంటబెట్టుకుని రాజీకి వచ్చారు. తప్పయిందని చెప్పడానికి నోరు రానివాళ్లు మా వైపు శాలువా కప్పుతారు. ఆయనా కప్పాడు. "ఎద్దు పొడిచిందనుకో మాస్టరూ, ఇడ్సిపెట్టప్పా" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వాళ్లు కాఫీ తాగుతుండగానే నాయన శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"యాడికప్పా?" అన్నాడు ఆసామి.

"స్టేషనుకు. కొట్టకుంటే ఇది ఎందుకు కప్పినట్టు? ఈయన కప్పింది మీరు నలుగురూ చూసినారు గదా, వచ్చి చెప్పండి."

గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అబద్ధమాడితే పెద్దరికం పోతుందని ఇద్దరు స్టేషనుకొచ్చి నిజం చెప్పారు. కేసు నమోదైంది. పడిన శిక్ష చిన్నదే. మా ఇంటి కిటికీ మాత్రం చాలా నెలలు మూసే ఉంది.

తర్వాత నేనూ డ్రిల్ టీచరునయ్యాను. ఈ వయసులోనూ నంద్యాలలో ఆడపిల్లల ఖోఖోకు అంపైరుగా నిలబడుతున్నాను. అంపైర్ల మీద చెయ్యి చేసుకుంటే ప్రత్యేకంగా చట్టం ఉండాలని అర్జీలు పెడుతూనే ఉన్నాను. జవాబియ్యని ఆఫీసులన్నీ నాకు గుర్తే. మొన్న ఓడిపోయిన పిల్ల తండ్రి నన్ను తోసేశాడు. సాయంత్రం పోటీల కమిటీవాళ్లు శాలువా తెచ్చారు.

"కప్పండి నాయనా. ఎందుకు కప్పుతాండారో ముందు కాయితం మీద రాయండి" అన్నాను.

ఎవరి దగ్గరా పెన్ను లేదట. నా సంచిలో విజిలు పక్కన ఎప్పుడూ రెండుంటాయి.